ఇసుక నిలవని చోట సుందరీకరణ: విశాఖ బీచ్ ఖర్చుపై నగరవాసులకు ఎందుకంత అసంతృప్తి

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో నడకదారి మీద పరిచిన పలకలు ఒకచోట కుంగాయంటే దానికి రెండు కారణాలు ఉండొచ్చు. కాంట్రాక్టరు కింద సరిగ్గా దిమ్మిస కొట్టించకుండా పరిచేశాడన్నది ఒకటి. జనం మొదట అనుకునేది ఇదే. పలకల కింది ఇసుకను రక్షణ గోడ సందుల్లోంచి సముద్రం కొద్దికొద్దిగా లాగేసుకుంటోందన్నది రెండోది. మొదటిదైతే అదే కాంట్రాక్టరు చేత మళ్లీ చేయించవచ్చు. రెండోదైతే ఎంత ఖరీదైన పలకలు తెచ్చి ఎన్నిసార్లు పరిచినా ఆ డబ్బు నీళ్లపాలే.

తీరం మీద పెట్టే ఖర్చు గురించి నగరంలో ఏళ్లుగా పేరుకున్న అసంతృప్తికి మూలం ఇక్కడుంది. సాయంత్రం పూట పిల్లలను తీసుకెళ్లి పైసా ఖర్చు లేకుండా కూర్చోవడానికి సామాన్యుడికి ఉన్న పెద్ద దిక్కు బీచ్. దాన్ని బాగుచేయొద్దని ఎవరూ అనరు. కానీ 2021 నుంచి ఆస్తిపన్నును అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద లెక్కగడుతున్నారు, ఏటా 15 శాతం దాకా పెరిగే వీలూ కల్పించారు. చెత్త సేకరణకు విడిగా పెట్టిన రుసుము 2024 చివర్లో రద్దయ్యేదాకా ఇళ్ల నుంచి వసూలైంది. ఇన్ని కట్టినవాళ్లు తమ వీధిలో కాలువ పొంగుతుండగా బీచ్ రోడ్డులో తవ్విందే మళ్లీ తవ్వుతుంటే అడగకుండా ఎలా ఉంటారు?

అసలు లోపం పనుల వరసలో ఉంది. ముందు ఇసుక నిలవాలి, తర్వాత గోడ పునాది, ఆ తర్వాత మురుగు సంగతి తేలాలి. దీపాలు, పచ్చిక, సెల్ఫీ పాయింట్లు అన్నిటికీ చివర రావాలి. విశాఖలో చివరిది తరచూ ముందుకు వస్తోంది.

ఇసుక ఎటు పోతోంది

తూర్పు తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. సుమారు మార్చి నుంచి అక్టోబరు దాకా దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చే అలలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొంత వెనక్కి వస్తుంది. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ. కాబట్టి ఏడాది మొత్తం మీద లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికే కదిలిపోతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఓడరేవు సరిగ్గా ఈ దారికి అడ్డంగా ఉంది. 1933లో రేవు మొదలైన రోజుల్లోనే, ఓడలు వచ్చే కాలువ పూడిపోకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేశారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక, సముద్రంలోకి చొచ్చుకుపోయిన బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే రాళ్ల కట్టలు) ఆ దారిని ఇంకా గట్టిగా మూసేశాయి. దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. ఉత్తరాన కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్, పాండురంగాపురం వైపు రావలసినది రాదు. అలలు మాత్రం అక్కడున్న ఇసుకను ఎప్పటిలాగే పట్టుకుపోతుంటాయి. రాబడి ఆగిపోయి ఖర్చు ఆగని ఇంటి పరిస్థితి ఆ తీరానిది.

విరుగుడు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. రేవుకు దక్షిణాన మేట వేసిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, ఉత్తరానికి తెచ్చి బీచ్‌లో పోయడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. డ్రెడ్జర్ అడుగునున్న ఇసుకను నీళ్లతో సహా పీల్చి తన తొట్టిలో నింపుకుంటుంది. ఆర్కే బీచ్ ఎదురుగా తనకు చాలినంత లోతు ఉన్నచోట ఆగి, నీటిపై తేలే పైపులైను తగిలించి, ఇసుక నీళ్లను ఒడ్డుకు తోస్తుంది. నీళ్లు ఇంకిపోయాక మిగిలిన ఇసుకను బుల్డోజర్లు సర్దుతాయి. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం కూడా విశాఖలోనే ఉంది, కాబట్టి అనుభవానికి లోటు లేదు. తేడా వచ్చేది పరిమాణంలో, అదనులో. సముద్రం శాంతంగా ఉండే నెలలు దాటిపోయాక పని మొదలుపెడితే పోసింది పోసినట్టే పోతుంది.

పరిమాణం ఎంత కావాలో ఒక మోటు లెక్క వేసి చూడవచ్చు. బీచ్ ఎత్తు నీటిమట్టం పైన 3 మీటర్లు, అలలు ఇసుకను కదిలించగలిగే లోతు నీటి కింద 6 మీటర్లు అనుకుందాం. మొత్తం 9 మీటర్లు. బీచ్ ఒక మీటరు వెడల్పు పెరగాలంటే తీరం పొడవునా ప్రతి మీటరుకూ 9 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది. రెండు కిలోమీటర్ల మేర 20 మీటర్ల వెడల్పు కావాలంటే 2,000 × 20 × 9, అంటే 3,60,000 ఘనపు మీటర్లు. 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పరుతో తోలితే 36,000 ట్రిప్పులు. తుపాను తర్వాత కొన్ని వందల లారీల ఇసుకో మట్టో తెచ్చి కోత పడినచోట పోయడం ఎందుకు పనికిరాదో ఈ లెక్కే చెబుతుంది.

ఇంకో సంగతి జనానికి ముందే చెప్పాలి, కానీ చెప్పడం తక్కువ. యంత్రాలు పోసిన ఇసుక నిటారుగా గట్టులా ఉంటుంది. మొదటి కొద్ది నెలల్లో అలలు దాన్ని కిందికి లాగి నీటి అడుగున వాలుగా పరుస్తాయి. పైనున్నవాళ్లకు సగం బీచ్ మాయమైనట్టు కనిపిస్తుంది, కోట్లు సముద్రంలో పోశారన్న మాట పుడుతుంది. నిజానికి ఆ అడుగు వాలు ఉంటేనే పై బీచ్ నిలుస్తుంది. అయితే ఇసుక అడుగున సర్దుకుందా, లేక నిజంగానే కొట్టుకుపోయిందా అన్నది కొలతలు తీస్తేనే తెలుస్తుంది. తీరం వెంట ప్రతి 100 లేదా 200 మీటర్లకు ఒక గీత చొప్పున, ఒడ్డు నుంచి 6 మీటర్ల లోతు దాకా, పనికి ముందు, పని అయిన వెంటనే, ఆరు నెలలకు, ఏడాదికి సర్వే చేయాలి. ఆ కొలతలు బయటపెట్టకుండా ఇన్ని లక్షల ఘనపు మీటర్లు పోశామని ప్రకటిస్తే ఎవరు నమ్ముతారు? బిల్లు ఏ కొలత మీద ఇస్తున్నారన్నదీ ముఖ్యమే. డ్రెడ్జర్ తొట్టి కొలతకూ ఒడ్డున సర్వే కొలతకూ తేడా ఉంటుంది. తొట్టిలో ఇసుక నీళ్లతో కలిసి వదులుగా ఉంటుంది, దారిలో సన్నని బురద కొట్టుకుపోతుంది. ఇసుక రేణువు పరిమాణం కూడా జల్లెడ పరీక్షలో బీచ్‌లో ఇప్పటికే ఉన్న ఇసుకకు సరిపోవాలి. అంతకన్నా సన్నదైతే మొదటి వానాకాలంలోనే పోతుంది.

గోడ కట్టగానే తీరం భద్రమా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటి బీచ్ రోడ్డును చీల్చేసింది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను నేరుగా తీరం దాటకుండానే బలహీనపడింది. అయినా ఆర్కే బీచ్‌లో చిల్డ్రన్ పార్కు దగ్గర నేల కుంగింది. పెనుగాలి లేకుండానే నేల కుంగిందంటే నష్టం అంతకుముందే కింద జరిగి ఉంటుంది.

నిటారు గోడకు అల తగిలితే దాని శక్తి వెనక్కి మళ్లి గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వేస్తుంది. ముందు వెడల్పాటి బీచ్ ఉన్నంతకాలం అల గోడదాకా రాదు. బీచ్ సన్నబడ్డాక రోజూ తగులుతుంది. పాదం ఒకసారి బయటపడితే గోడ కింది నుంచీ, రాళ్ల సందుల నుంచీ వెనుక నింపిన ఇసుక బయటికి జారుతుంది. పైన పలకలు నిలిచే ఉంటాయి, కింద గుల్ల ఏర్పడుతుంది. ఒక రోజు బరువు పడగానే కూలుతుంది. దీన్ని ఆపేవి మూడు: గోడ పాదం కోత లోతుకన్నా కిందికి ఉండటం, పాదం ముందు పెద్ద రాళ్ల దుప్పటి పరచడం, గోడ వెనుక నీళ్లు పోయి ఇసుక పోకుండా జియోటెక్స్‌టైల్ వస్త్రంతో వడపోత పొర వేయడం. ఈ మూడూ కంటికి కనిపించవు. అందుకే ఎస్టిమేట్ తగ్గించాల్సి వస్తే ముందు కోత పడేది వీటికే. వడపోత పొర లేని గోడ ముందు గ్రానైటు బెంచీలు వేసి ఏం లాభం?

రాళ్లు, గోడలు ఒకచోట కోతను ఆపి పక్క ఊరికి తోస్తాయన్నది కూడా మరిచిపోకూడదు. కాకినాడ జిల్లా ఉప్పాడలో ఒడ్డును కాపాడటానికి పరిచిన జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) అలల తాకిడికి చిరిగి చెదిరిపోయాయి, తుపాను వచ్చిన ప్రతిసారీ అక్కడి తీరం రోడ్డు దెబ్బతింటూనే ఉంది. పుదుచ్చేరిలో 1980ల చివర రేవు గోడలు కట్టాక నగరం ముందున్న బీచ్ మాయమై, దశాబ్దాల పాటు రాళ్ల గుట్టే మిగిలింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అక్కడ నీటి అడుగున ఉక్కుతో చేసిన దిబ్బను ముంచి, ఇసుక పోయించాక గాంధీ విగ్రహం ముందు మళ్లీ బీచ్ కనిపించింది. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు విశాఖకు తెస్తే పనిచేస్తుందని అనలేం, ఇక్కడ అలల తీరు వేరు, రేవు పరిమాణం వేరు. అక్కడ ముందు ఇసుక తిరిగి రావడం మీద దృష్టి పెట్టారు. పట్టించుకోవాల్సింది ఆ వరసను.

ఉప్పుగాలికి లెక్క వేరు

పైన కనిపించే పనులు త్వరగా పాడవడానికి అవినీతి ఒక్కటే కారణం అనుకోనక్కర్లేదు. చాలాసార్లు నిర్దేశాలే తప్పుగా ఉంటాయి. ప్రామాణిక రేట్ల పట్టికలోంచి ఎంవీపీ కాలనీ పార్కుకు సరిపోయే రైలింగే తీసి ఆర్కే బీచ్ ఎస్టిమేట్‌లో రాస్తే అది రెండు వానాకాలాలు తట్టుకోదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు సముద్రపు తుంపరలో తుప్పు మచ్చలు పడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం చాలా మెరుగు, ధర ఎక్కువ. 316 గొట్టాలు తెచ్చి మామూలు ఇనుప బోల్టులు బిగిస్తే బోల్టు దగ్గరే తినేస్తుంది. ఇనుప స్తంభమైతే వెల్డింగు, రంధ్రాలు అన్నీ అయ్యాకే జింకు పూత పట్టే గాల్వనైజింగ్ తొట్టిలో ముంచాలి. సైటులో కొత్త రంధ్రం చేస్తే అక్కడే తుప్పు మొదలవుతుంది.

కాంక్రీటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 స్పష్టంగా చెబుతుంది. సముద్రపు తుంపర పడేచోట ఇనుము ఉన్న కాంక్రీటు బలం కనీసం ఎం35 గ్రేడు ఉండాలి (అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), ఇనుము మీద కాంక్రీటు కవరు 50 మిల్లీమీటర్లు. ఆటుపోట్లు తగిలేచోట ఎం40, 75 మిల్లీమీటర్లు. ఊళ్లో ఇంటి స్లాబుకు వేసే ఎం20, పాతిక మిల్లీమీటర్ల కవరు అలవాటుతో బీచ్‌లో గోడ పోస్తే ఐదారేళ్లలో ఇనుము ఉబ్బి పెచ్చులు ఊడతాయి. పచ్చికదీ ఇదే కథ. ఉప్పునేలలో లాన్ బతకాలంటే రోజూ మంచినీళ్లు పెట్టాలి. వేసవిలో ఇళ్లకు నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే పరిస్థితి ఏర్పడితే ముందు ఎండిపోయేది ఆ లానే. ఇసుకలో సహజంగా పాకే ఊదాపూల తీగలు నీళ్లడగవు, పైగా ఇసుకను పట్టి ఉంచుతాయి. చదును చేసే యంత్రాలు ముందు వాటినే పీకేస్తాయి.

మురుగు మాట చిన్నది కాదు. ఉత్తరాంధ్రలో గెడ్డలని పిలిచే వాగులూ కాలువలూ నగరం మీదుగా వచ్చి బీచ్‌లో కలుస్తాయి. నల్లటి నీటి చార పక్కన ఎంత అందమైన దీపస్తంభం పెట్టినా అక్కడ ఎవరూ కూర్చోరు. స్నానాలకు వాడే సముద్రపు నీటిలో మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియా సంఖ్య 100 మిల్లీలీటర్లకు 100 మించకూడదని కాలుష్య నియంత్రణ ప్రమాణం. దానికి ప్రతి కాలువకూ మొదట్లో కాకపోయినా చివర్లోనైనా చిన్న అడ్డుకట్ట, చెత్త పట్టే జాలీ, సంపు, నీటిని శుద్ధి కేంద్రానికి పంపే పంపులు ఉండాలి. కరెంటు పోతే నడిచే జనరేటరు, ఒక పంపు చెడితే రెండోది కూడా ఉండాలి. జాలీ రోజూ శుభ్రం చేయకపోతే మూసుకుపోయి మురుగు కట్ట మీదుగా పొంగుతుంది. ఇదంతా రిబ్బను కత్తిరింపుకు పనికొచ్చే దృశ్యం కాదు కాబట్టి వెనకబడుతుంది.

ఎవరి సొమ్ము, ఎవరి మాట

జనం కోపమంతా మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) మీదికే పోతుంది. నిజానికి బీచ్‌లో పెత్తనం పలువురిది. రోడ్డు, వీధి దీపాలు, పారిశుధ్యం జీవీఎంసీవి. కురుసుర జలాంతర్గామి మ్యూజియం, కైలాసగిరి వంటివి నగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏవి. రుషికొండలో పర్యాటక శాఖ. ఇసుక తోడే పని పోర్టుతో ముడిపడింది. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) అనుమతులు వేరే అథారిటీ చేతిలో. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంటుంది. పోర్టు పోసిన ఇసుక నిలవకపోతే జీవీఎంసీ వేసిన నడకదారి కుంగుతుంది, కానీ రెండు ఖర్చులూ ఒకే కాగితం మీద ఎప్పుడూ కనిపించవు.

ఓటరు గొంతు వినిపించని కాలం కూడా ఒకటి ఉంది. 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నికలు జరిగేదాకా జీవీఎంసీకి ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారుల పాలన సాగింది. హుద్‌హుద్ తర్వాత తీర పునరుద్ధరణ నిర్ణయాలు, 2016 జనవరిలో స్మార్ట్ సిటీ తొలి జాబితాలో విశాఖ ఎంపిక, ఆర్కే బీచ్ చుట్టుపక్కల ప్రాంతాన్ని అభివృద్ధి మండలంగా ఎంచుకోవడం, అన్నీ ఆ తొమ్మిదేళ్లలోనే జరిగాయి. స్మార్ట్ సిటీ నిబంధనల ప్రకారం కేంద్రం ఇచ్చే 500 కోట్లు, అంతే మొత్తంలో స్థానిక వాటా ప్రత్యేక కంపెనీ ద్వారా ఖర్చు కావాల్సి ఉండేది. కార్పొరేటర్లు వచ్చాక కూడా ఆ కంపెనీ పనుల్లో ఒక్కో టెండరును కౌన్సిల్ చర్చించి ఆమోదించే పద్ధతి లేకపోయింది. మిషన్ గడువు 2025 మార్చితో ముగిసింది. కట్టినవాటి నిర్వహణ భారం మాత్రం కార్పొరేషన్ మీదే పడుతుంది.

పర్యాటక ఆకర్షణల తీరు చూడండి. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో వీఎంఆర్‌డీఏ తేలియాడే వంతెనను ప్రారంభించింది. దానికి 1.60 కోట్ల రూపాయలు ఖర్చయినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. మర్నాడే దాని చివరి భాగం విడివడి కనిపించింది. లంగర్ల పటుత్వం పరీక్షించడానికి తామే విడదీశామని అధికారులు వివరించారు. అది నిజమే అనుకున్నా, లంగర్ల పరీక్ష ప్రారంభోత్సవానికి ముందు జరగాల్సింది కదా! అలలు నేరుగా విరిగే తెరిచిన తీరంలో ఇలాంటి వంతెన ఏడాదిలో ఎన్ని రోజులు నడుస్తుందన్నది మొదట వేసుకోవాల్సిన లెక్క. రెండు వారాలు తిరక్కముందే కేరళలోని వర్కలలో అలాంటి వంతెన మీద పెద్ద అల కొట్టి పలువురు సందర్శకులు గాయపడ్డారు.

నిర్వహణ సంగతికి రుషికొండే సాక్ష్యం. 2020 అక్టోబరులో ఆ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. 2025 మొదట్లో శుభ్రత, వసతులు దిగజారాయని ఆ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు. హడావిడిగా చక్కదిద్దాక తిరిగి ఇచ్చారు. వసతులు కట్టినప్పుడే వాటిని ఊడ్చే మనిషికి జీతం ఏ పద్దు కింద ఇవ్వాలో రాసుకుని ఉంటే ఆ పరువు పోయేది కాదు.

బీచ్ ఇరుకైతే ముందు నష్టపోయేది జాలరిపేటల వాళ్లు. తెప్పలూ ఫైబరు బోట్లూ ఒడ్డుకు లాగి పెట్టుకోవడానికి, వలలు ఆరేసి బాగుచేసుకోవడానికి, చేపలు ఎండబెట్టడానికి కావలసింది చదునైన ఇసుక. నడకదారికీ పార్కింగుకూ కంచె వేసినప్పుడు బోటు లాక్కెళ్లే దారి వదిలారా అని డ్రాయింగులో చూడాలి. చిరుతిళ్ల బళ్ల సంగతీ అంతే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లను కదిలించే ముందు సర్వే జరగాలి, నోటీసు ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీ మాట వినాలి. అభివృద్ధి పేరు చెప్పి వాళ్లను రాత్రికి రాత్రి లేపేయడం అన్యాయం.

కాగితాలు ఎలా చూడాలి

కోపాన్ని ప్రశ్నగా మార్చాలంటే పని కాగితాల్లో ఎలా నడుస్తుందో తెలియాలి. ముందు ఎస్టిమేట్, దాని మీద పరిపాలనా అనుమతి, తర్వాత సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు. పని జరుగుతుండగా కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కుతాయి. వాటి మీదే బిల్లు. నాణ్యతా విభాగం పరీక్షలు వేరుగా ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. "బీచ్ మీద ఎంత ఖర్చు చేశారు" అని అడిగితే అంకె ఒకటి పంపి ముగిస్తారు. ఫలానా చోటి నుంచి ఫలానా చోటిదాకా నడకదారి పనికి సంబంధించిన ఎస్టిమేట్, అగ్రిమెంటు, ఎం-బుక్ పేజీలు, కాంక్రీటు ఘనాల పరీక్ష ఫలితాలు, గోడ పాదం లోతు చూపే డ్రాయింగు, తీర నియంత్రణ అనుమతి ప్రతి కావాలని విడివిడిగా రాయాలి. నిధి ఏ పద్దులోంచి వచ్చిందో కూడా అడగాలి. సాధారణ నిధి, ఆర్థిక సంఘం గ్రాంటు, స్మార్ట్ సిటీ, కంపెనీల సామాజిక బాధ్యత సొమ్ము, వీటిలో ఏదన్నదాన్ని బట్టి జవాబు చెప్పాల్సినవాళ్లు మారతారు.

అదే చట్టంలోని సెక్షన్ 2(జె) పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కునూ, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కునూ ఇస్తుంది. దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ. రైలింగు ముక్కను పరీక్షిస్తే 304 రకమో 316 రకమో తేలిపోతుంది.

ఇక లోపాల బాధ్యతా గడువు. పని పూర్తయిన తేదీ నుంచి అగ్రిమెంటులో రాసిన ఇన్ని నెలల వరకు ఏది కుంగినా, ఊడినా కాంట్రాక్టరే తన ఖర్చుతో బాగుచేయాలి, అప్పటిదాకా అతని డిపాజిట్ కార్పొరేషన్ దగ్గరే ఉంటుంది. ఆ గడువు ముగిసే తేదీ అగ్రిమెంటుతో పాటే అడిగి రాసి పెట్టుకోవాలి. గడువు తీరకముందే ఒక వానాకాలం పోయాక, పలకలు కుంగినచోట టేపు పెట్టి కొలిచి, ఫొటో తీసి, తేదీతో సహా వార్డు సచివాలయంలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. డిపాజిట్ తిరిగి ఇచ్చేశాక అదే మరమ్మతుకు కొత్త ఎస్టిమేట్ తయారవుతుంది.